మామయ్యకు మిగిలిన మాట

అల్మాస్‌గూడ,
9 జూలై 2023

తిరుపతమ్మ పిన్నిగారికి,

సింధూర నమస్కారాలు. నేను మీ మేనల్లుడు కృష్ణ భార్యను. మామయ్యగారి చెల్లెలంటే మా వైపు లెక్కలో నాకు పిన్ని అవుతారు. మీ దగ్గర ఏమని పిలవాలో ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పయితే దిద్దండి.

కృష్ణ మీకు చాలాసార్లు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోతోంది. మీది బటన్ ఫోన్ కావడంతో వాట్సాప్‌లో పెట్టే వీలూ లేదు. మా పెళ్ళిలో జరిగిన దానికి మీ కోపం ఇంకా పోలేదేమో అనుకున్నాం. అయినా ఈ కబురు మీకు తెలియాలి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల మామయ్యగారు బాత్రూంలో పడిపోయారు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. ప్రాణానికి భయం లేదని చెప్పి ఇంటికి పంపారు. కానీ ఆయనకు తెలుగు పోయింది. జీవితమంతా తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పిన మనిషికి ఒక్క తెలుగు మాట నోటికి రావడం లేదు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతోంది. బదులు మాత్రం మీ లంబాడీలోనే ఇస్తున్నారు. దెబ్బ తిన్న మెదడుకు కొందరిలో చిన్నప్పటి భాషే ముందుగా దొరుకుతుందని డాక్టరు చెప్పాడు. తెలుగు తిరిగి వస్తుందో రాదో తెలియదట.

కృష్ణకు ఆ భాష ఏమీ రాదు. వాళ్ళ నాన్న కట్టిన పాటల్లో ఒక్కటి కూడా అతనికి అర్థం కాదని నాకు ఇప్పుడే తెలిసింది. మొన్న మామయ్యగారు అదే మాట నాలుగైదుసార్లు చెప్పి కోపంతో ముఖం తిప్పుకుంటే, కృష్ణ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. "నాయన ఆదివారమొస్తే తండాలు తిరిగి అందరి పిల్లలకు నేర్పిండు. నాకు నేర్పలే. ఇప్పుడు నన్ను చూసి మాట్లాడితే నేనేం చెయ్యాలె?" అన్నాడు. 

పగలంతా ఆయన దగ్గర ఉండేది నేనే. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో నా పాఠాలు సాయంత్రం బ్యాచీలకు మార్పించుకున్నాను. ఆ వేళకు మా అమ్మ వచ్చి కూర్చుంటుంది. ఆయన మాటలు వినపడినట్టుగా రాస్తున్నాను. అర్థాలు చెప్పండి. "పాణి" అంటే నీళ్ళని తెలిసిపోయింది. "బాటి" అంటే బాటిల్ అనుకుని నీళ్ళ సీసా ఇచ్చాను, తోసేశారు. ఇంకో రకం బాటిల్ పట్టుకెళ్తే నావైపు చూసిన చూపు మీతో చెప్పలేను. "భూక్", "కత", "బాయి" అనేవి కూడా తరచుగా వింటున్నాను. ఆఖరిది మరీ ఎక్కువ.

సింధూర

*

దేవరకొండ దగ్గర తండా,
18 జూలై

సింధూరకు ఆశీర్వాదాలు.

ఉత్తరం చేరింది. చదివి కూర్చుండిపోయాను. అన్న పడిపోయి నెల దాటినా నాకు తెలియలేదు.

నన్ను ఏమని పిలిచినా సరే. ఒకటి మాత్రం దిద్దుతాను. లంబాడీ అని మీరంటారు. మేము గోర్ బోలి అంటాం.

బాటి అంటే రొట్టె. జొన్నరొట్టె చెయ్యి. పల్చగా చేస్తే తినడు, కొంచెం మందంగా, అంచులు కాలాలి. భూక్ అంటే ఆకలి. కత అంటే ఎక్కడ. అన్న ఏ కూర తిన్నా మీదికి పచ్చికారం అడుగుతాడు. ఇప్పుడు పెట్టవద్దు.

కృష్ణకు ఎందుకు రాదో అతనికే తెలియకపోతే నేను చెప్తాను. అన్నకు పట్నం బదిలీ అయిన కొత్తలో మీర్‌పేట్‌లో ఒకరు ఇల్లు చూపించి, మా వదిన యాదలక్ష్మి అన్నతో బోలిలో మాట్లాడడం విని, ఇల్లు లేదన్నారు. ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల అదే అయింది. అప్పుడు వదిన అన్నకు ఒకటే మాట చెప్పింది: "నీ పాటలు తండాల పాడుకో. కిరాయి ఇంట్ల నా పిల్లగాని ముందట మన బోలి తియ్యకు." అన్న ఒప్పుకున్నాడు. ఆమె బతికినంత కాలం మాట తప్పలేదు. అందరి పిల్లలకు నేర్పిన మనిషి తన ఇంట్లో ఎందుకు నోరు మూసుకున్నాడని తండాలో ఎంతమంది అన్నను ఎగతాళి చేశారో కృష్ణకు తెలియదు.

నేను రాలేను. మా ఇంటాయన తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. ఫోన్ ఎత్తకపోవడానికి కోపం కారణం కాదు. వేరే కారణాలు ఉంటాయి మనుషులకు.

తిరుపతమ్మ

*

అల్మాస్‌గూడ,
30 జూలై

పిన్నిగారికి నమస్కారాలు.

మొదటి రొట్టె విరిగింది, రెండోది మాడింది. మూడోది తిన్నారు. ఎడమ చేత్తో తుంచుకుని, మనిషి సాయం లేకుండా. పడిన తర్వాత ఆయన ఇష్టంగా తిన్నది అదే మొదలు.

మీ ఉత్తరంలో మా అత్తగారి సంగతి కృష్ణకు చదివి వినిపించాను.  బండి తీసుకుని బయటికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు.

మీరు "బాయి" సంగతి రాయలేదు. మర్చిపోయినట్టున్నారు. కృష్ణకు తెలంగాణ తెలుగే కదా, బాయి అంటే బావి అని, తండా దగ్గరి పొలంలో బావిని తలచుకుంటున్నారని అతను తేల్చేశాడు. పొలం కౌలుకు చేసే ఆయనకు ఫోన్ చేసి, బావి ఫొటో తెప్పించి, పెద్దది చేసి చూపించాడు. మామయ్యగారు ఫోన్ పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగిపోయారు. కళ్ళలో నీళ్ళున్నాయి. బావి ఎండిపోయినందుకు బాధపడ్డారని కృష్ణ ఇప్పుడు పూడిక తీయిస్తానంటున్నాడు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ సాహితీ సమితి వాళ్ళు వచ్చారు. కార్యదర్శి రామమోహనరావుగారు శాలువా కప్పి, చెవి దగ్గర గట్టిగా, "గోర్ బోలికి మీరు ప్రాణం పోశారు మాస్టారూ" అన్నారు. మామయ్యగారు బోలిలో ఏదో చెప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు చెప్పారు. ఒక్కరికీ అర్థం కాలేదు. వాళ్ళు తల ఊపుతూ నవ్వుతూ ఉన్నారు. చెప్తూ చెప్తూ ఆయనే ఆగిపోయారు. వాళ్ళు వెళ్ళాక ఎడమ చేత్తో శాలువా లాగి కింద పడేశారు.

పడిపోక ముందే ఆయన బాగా అలసిపోయి ఉన్నారు పిన్నిగారూ. ఆయన బోలి నేర్పే ఆదివారం క్లాసుకు పిల్లలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ట్యూషన్లు, క్రికెట్టు, ఏవో కారణాలు. అయినా ఆయన ఎల్‌బీ నగర్‌లో క్లాసు నడిపిన గది తాళం తీసి, ఊడ్చి, కాసేపు కూర్చుని వచ్చేవారు. ఈమధ్య రాయడం లేదేమని ఒకసారి అడిగాను. "నేను రాస్తే పాడే గొంతు ఒకటి ఉండె. అది ఒద్దనుకున్నది. ఇగ ఎవరికి రాయాలె?" అన్నారు. ఆ గొంతు మీదేనని తర్వాత కృష్ణ చెప్పాడు.

అడగకూడదేమో, కానీ అడుగుతున్నాను. ఎందుకు మానేశారు? మా పెళ్ళిలో మా అమ్మ మైకు లాక్కున్నందుకేనా? అప్పగింతల వేళ మీరు గొంతెత్తి ఏడుస్తూ పాడితే, ఎవరో పోయారనుకుని మా బంధువులు లేచి నిలబడ్డారు. అమ్మ కంగారుపడింది. ఆపమని ఎంత చెప్పినా మీరు ఆపలేదని ఆమెకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

సింధూర

*

తండా,
12 ఆగస్టు

సింధూరా, బిడ్డా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు చింపాను.

బావి పూడిక తీయవద్దని కృష్ణకు చెప్పు. బాయి అంటే మా బోలిలో అక్కచెల్లెలు. అన్న నన్ను పిలుస్తున్నాడు. నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసింది. రాస్తే రావలసి వస్తుందని రాయలేదు.

నాకు చెవులు వినపడవు. ఒక్కసారిగా పోలేదు. ముందు ఎడమది, తర్వాత కుడిది. అంగన్‌వాడీలో పిల్లలు పిలిస్తే వినబడక, వాళ్ళు కొంగు పట్టి గుంజేవాళ్ళు. నల్లగొండ దవాఖానలో మిషన్ పెట్టి చూశారు. అందులో హోరు తప్ప మాట తెలియలేదు. మీ పెళ్ళి నాటికి సగం వినపడేది, మనుషుల మూతులు చూసి మిగతాది నెట్టుకొచ్చేదాన్ని.

మా దగ్గర పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు తనవాళ్ళను పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటాం. తల్లి పాలు, వాకిలి, తోడబుట్టినవాళ్ళు, అన్నీ అందులో తలచుకుంటుంది. అది లేకుండా పిల్ల అత్తగారి గడప తొక్కడం మా వాళ్ళలో లేదు. నీకు మా బోలి రాదు. "నువ్వు ఆ పిల్ల తరఫున పాడు" అని అన్న నన్ను అడిగాడు. నీ కోసం మీ అమ్మను, మీ నాన్న చక్రపాణిగారిని తలచుకుంటూ అన్న కొత్తగా కట్టిన పాట అది. చావు ఏడుపు కాదు బిడ్డా. నీ ఏడుపే నేను ఏడ్చాను.

మీ అమ్మ ఆపమన్నది నాకు వినపడలేదు. కళ్ళు మూసుకుని పాడుతున్నాను. మైకు చేతిలో నుంచి పోయినప్పుడు కళ్ళు తెరిస్తే అందరి ముఖాలు నావైపే ఉన్నాయి. ఎంతసేపటి నుంచి ఆపమంటున్నారో నాకు తెలియదు. ఆ ముఖాలు చూశాక మళ్ళీ నలుగురిలో నోరు తెరవలేకపోయాను.

అన్నకు ఎందుకు చెప్పలేదంటావు. అన్న పాట ఒక్కడే కట్టేవాడు కాదు. రాసి తెచ్చేవాడు, నేను పాడేదాన్ని, నోటికి అడ్డం పడ్డ మాట తీసేసి ఇంకోటి వేసేవాడు. అట్లా కూర్చుని మేము ముసలివాళ్ళమైనాం. తండాల్లో చదువు రాని ఆడవాళ్ళకు అన్న కవిత్వం నా నోటి నుంచే చేరింది. నాకు చెవులు పోయాయంటే అన్న కలం పక్కన పెడతాడని భయపడ్డాను. అందుకని, "మోకాళ్ళు నొస్తున్నాయి, ఇగ నా తోని కాదు, ఎవలు వింటున్నరని" అన్నాను. నేను విసిగిపోయానని అన్న అనుకున్నాడు. ఏది కావద్దని దాచానో అదే అయింది.

ఫోన్ మోగింది నాకు తెలియదు. మా ఇంటాయన ఎత్తబోతే నేనే వద్దన్నాను. ఎత్తితే నేను మాట్లాడవలసి వస్తుంది కదా.

ఇది అన్నకు చెప్పకు. మంచంలో ఉన్నవాడికి ఇంకో బరువు ఎందుకు?

తిరుపతమ్మ

*

అల్మాస్‌గూడ,
20 ఆగస్టు

పిన్నిగారూ,

నేను చెప్పలేదు. చెప్పను కూడా. ఎందుకంటే అది మీరు చెప్పవలసిన మాట. ఆయన ఇవాళ కూడా పొద్దున లేవగానే మిమ్మల్నే పిలిచారు. నాకు ఇప్పుడు అర్థం తెలుసు కాబట్టి అది విని ఊరుకోవడం ఇదివరకటి కంటే కష్టంగా ఉంది.

మీ ఉత్తరం అమ్మకు ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, "నా కూతురి కోసం పాడుతుంటే నేను గుంజుకున్నానా" అంది.  ఇంటికి వెళ్ళేముందు మామయ్యగారి దుప్పటి సర్ది వెళ్ళింది. మామూలుగా ఆ గదిలోకి వెళ్ళదు.

కృష్ణ వచ్చే సోమవారం, 28న, సెలవు పెట్టాడు. ఉదయం తండాకు వచ్చి మీ వారి దగ్గర ఉంటాడు. మీరు బస్సెక్కండి. సాగర్ రింగ్‌రోడ్డు దగ్గర దిగితే ఆటో స్టాండు ముందు నేను నిలబడి ఉంటాను. నన్ను పెళ్ళిలో చూశారు, ఇప్పుడు కొంచెం లావయ్యాను. కృష్ణ మీకు చెప్పమన్న మాట ఇది: "అత్తకు వినపడదంటే నేను ఇంటికొచ్చి పిలిచేటోణ్ణి కద."

సింధూర

*

తండా,
24 ఆగస్టు

సింధూరకు,

వస్తాను. అన్న మాట్లాడితే నాకు వినపడదు. నేను పాడితే శ్రుతి ఎక్కడికి పోతుందో నాకే తెలియదు. ఇద్దరం ఒకరినొకరం చూస్తూ కూర్చోవాలి, అంతే. అయినా వస్తాను.

తిరుపతమ్మ

*

తండా,
3 సెప్టెంబరు

సింధూరా, బిడ్డా,

క్షేమంగా చేరాను. కృష్ణ మా ఇంటాయనకు గడ్డం గీసి, స్నానం చేయించి వెళ్ళాడట. ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

ఆ రోజు నీ చేతిలో ఆ తెల్లబోర్డు లేకపోతే నేను ఏమయ్యేదాన్నో. అన్న అన్నది నీకు అర్థం కాకపోయినా, వినపడినట్టు నువ్వు రాయడం, నేను చదవడం. కొన్ని చోట్ల నువ్వు మాటను మధ్యలో విరగ్గొట్టావు, నాకు నవ్వొచ్చింది. అయినా అందింది.

కానీ నా చెవుల సంగతి చెప్పాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. బోర్డు చూడలేదు. అన్న ఏమన్నాడో నాకు తెలియదు. తర్వాత అడగడానికి భయమేసింది. నేను పాడేటప్పుడు గదిలో ఏం జరిగిందో కూడా తెలియదు. మీ అమ్మ పెదవులు కదిలాయి. దాచకుండా రాయి.

తిరుపతమ్మ

*

అల్మాస్‌గూడ,
11 సెప్టెంబరు

పిన్నిగారికి,

అన్నీ రాస్తాను.

మీరు గదిలోకి రాగానే మామయ్యగారు పిలవలేదు. అన్నాళ్ళూ పిలిచిన మనిషి మిమ్మల్ని చూసి నోరు మూసుకున్నారు. అలిగారు. మీరు మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాక గానీ మాట రాలేదు. ఆ తర్వాత ఆయన వేగానికి నేను రాయలేకపోయాను. మీరు చదివినది అందులో సగమే అనుకోండి.

మీరు చెవుల సంగతి చెప్పి ముఖం కప్పుకున్నాక ఆయన మెల్లగా ఏదో అన్నారు. ఆ మాటలు నేను బోర్డు మీద రాసి మీ వైపు తిప్పి పట్టుకుని ఉన్నాను. మీరు చూడలేదు. చెరిపేముందు కాగితం మీదికి ఎక్కించుకున్నాను, ఆ కాగితం దీంతో పెడుతున్నాను. అర్థం తెలుసుకోకుండా ఉండలేక కర్మన్‌ఘాట్‌లో కిరాణా కొట్టు నడిపే మీ వాళ్ళావిడ ముత్తమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె చదివించుకుని, కొట్టు అదిరేలా నవ్వి, తెలుగులో చెప్పింది. "ఆ ముక్క నాకు చెప్తే నేనే పాడుతుంటి కద బాయీ. నా గొంతు గంత పాడుగుంటదా?" అన్నారట.

పాట సంగతి. మీరు అనుకున్నది నిజమే, గొంతు ఒక చోట పైకి పోయింది, ఒక చోట బాగా దిగిపోయింది. మామయ్యగారు ఎడమ చేత్తో మీ మణికట్టు మీద తడుతూ ఉన్నది తాళం కోసం. మీరు దారి తప్పినప్పుడల్లా గట్టిగా తట్టారు, మీరు సర్దుకున్నారు. రెండో చరణం మధ్యలో మీరు మాట మర్చిపోయి ఆగితే, అందించింది ఆయనే. నేను రాయకముందే మీరు ఆయన పెదవులు చూసి అందుకున్నారు.

మా అమ్మ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆమె అన్నది, "ఇది నా పిల్లకు పాడిందేనా?" అని. నేను అవునన్నాను. గిన్నె కింద పెట్టి అక్కడే కూర్చుంది. మీరు బయల్దేరేటప్పుడు మీ చేతులు పట్టుకుని ఏదో చెప్పింది కదా, "ఆ రోజు పూర్తి కానివ్వలేదు వదినగారూ" అని. మీరు తల ఊపారు. అర్థమై ఊపారో, మర్యాదకు ఊపారో అని ఆమె ఇంకా అడుగుతోంది.

సింధూర

*

తండా,
20 సెప్టెంబరు

సింధూరకు,

మర్యాదకే ఊపాను. ఇప్పుడు అర్థమై ఊపుతున్నానని మీ అమ్మకు, వేదవతి వదినకు చెప్పు.

అన్నకు కూడా చెప్పు, గొంతు అంత పాడుగానే ఉంటుంది. చిన్నప్పుడు అన్న పాడితే మా యాడి గొడ్లు బెదురుతాయనేది. యాడి అంటే అమ్మ. నేను పాడడం అందుకే మొదలైంది.

సాహితీ సమితి వాళ్ళు నా పేరు మీద కూడా ఉత్తరం వేశారు. అన్నాచెల్లెళ్ళను స్టేజీ మీద కూర్చోబెట్టి నాతో పాడిస్తారట. నాకు ఓపిక లేదు బిడ్డా. భాష కోసం పాడి పాడి అలిసిపోయాను. అన్న కోసమైతే ఇంకోసారి బస్సెక్కుతాను.

తిరుపతమ్మ

*

అల్మాస్‌గూడ,
14 జనవరి 2024

పిన్నిగారికి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. మంచి కబురే ముందు చెప్తాను. మామయ్యగారికి తెలుగు వస్తోంది.

నవంబరులో కృష్ణ షూ లేసులు కట్టుకుంటుంటే, "పైలం" అన్నారు, జాగ్రత్తగా వెళ్ళమని. కృష్ణ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కడి నుంచి రోజుకు కొన్ని మాటలు. ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు చెప్తున్నారు. డాక్టరు సంతోషించాడు. సమితి వాళ్ళు మళ్ళీ వచ్చి సభ సంగతి ఎత్తితే, "అలిసిన. ఒద్దు" అన్నారు. రామమోహనరావుగారు ఆ తెలుగు విని ఎంతో సంబరపడి, ఆయన ఏమన్నారో పట్టించుకోకుండానే తేదీ చెప్పబోయారు. కృష్ణ అడ్డం వచ్చి, "నాయన ఒద్దంటున్నడు సార్" అని గుమ్మం దాకా సాగనంపాడు.

నాకు మాత్రం ఒక బెంగ పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. తెలుగు వచ్చిన కొద్దీ ఇంట్లో బోలి తగ్గిపోయింది. అందరికీ ప్రాణం తెరిపిన పడింది, మా అమ్మకు, కృష్ణకు, నాక్కూడా. నీళ్ళు కావాలా అంటే "ఆ", లేకపోతే "వద్దు". అంతే. ఈ నెలల్లో కుస్తీపట్టి నేర్చుకున్న నాలుగు మాటలూ నా నోట్లోనే ఎండిపోతున్నాయి. ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ఒక్క బోలి మాట కూడా అనలేదు. ఎల్‌బీ నగర్ గదిని ఆయన ప్రతి ఆదివారం ఊడ్చి కూర్చుని వచ్చింది ఎందుకో నాకు ఆ రోజు కొంచెం తెలిసింది.

నిన్న కోచింగ్‌కు సెలవు. మధ్యాహ్నం టీ పెట్టి ఇద్దరికీ పట్టుకెళ్ళి, అమ్మ రావడం గురించి బోలిలో చెప్పాను. మా అమ్మ వచ్చి వెళ్ళిందని చెప్పడం నా ఉద్దేశం. ఆయన గ్లాసు అందుకోబోతూ చెయ్యి ఆపేశారు. ఆడమనిషి గురించి చెప్పేటప్పుడు ఆ మాట చివర వేరేగా పలకాలట. నేను మా అమ్మను మగవాణ్ణి చేశాను.

"మళ్ళ చెప్పు" అన్నారు, తెలుగులో. క్లాసులో నిలబెట్టి అడిగే గొంతుతో.

చెప్పాను. తల అడ్డంగా ఊపారు. ఆయన పలికి చూపించారు, వంకరపోయిన పెదవితో, నెమ్మదిగా. నేను పలికాను. మళ్ళీ తప్పు. ఆయనకు ఆయాసం వస్తోంది, మధ్యలో కళ్ళు మూసుకుంటున్నారు. ఇక చాలు మామయ్యా, రేపు చూద్దాం అన్నాను. వినలేదు. "మళ్ళ" అన్నారు. నేను సరిగ్గా అనేదాకా వదలలేదు. అన్నాక మెచ్చుకోలేదు. ఇంకో మాట చెప్పారు.

ఇద్దరికీ ఓపిక అయిపోయేసరికి టీ చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టడానికి లేవలేక అలాగే తాగేశాం.

సింధూర